చదరంగమున స్త్రీలకు వేఱు కిరీట మేల?

సంస్కారమును గూర్చి మనము సభలలో చర్చించుకొను సంగతులు తఱచుగా మన యిండ్లలోనే, చిన్నపిల్లల ప్రశ్నల రూపమున మన కెదురుగా నిలుచును. సభలో ప్రతివాదికి సమాధానము చెప్పుట సులభము. పండ్రెండేండ్ల బాలికకు సమాధానము చెప్పుట కష్టము. ఏలయన, ప్రతివాది మన మాటలను మాత్రమే వినును. బాలిక మన నడవడిని కూడ చూచుచుండును. మా కట్టి ప్రశ్న యొకటి 2025వ సంవత్సరము జూలై నెల చివర సికింద్రాబాదు బోయిగూడలో నెదురయ్యెను. ఆనాడు మేమిచ్చిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఆ లోపమును తీర్చుకొనుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

బోయిగూడలో కలప డిపోలకు చేరువ నొక సందులో మా మిత్రుని యిల్లు కలదు. బోనముల సందడి యణగి, వాన కురిసి వెలిసిన యొక సాయంకాలమున నలుగురము ఆ యింటి వసారాలో కూర్చుండి పత్రికలోని వార్తను గూర్చి ముచ్చటించుకొనుచుంటిమి. జార్జియా దేశమందలి బతూమి నగరమున జరిగిన స్త్రీల ప్రపంచ చదరంగ కప్పు పోటీ జూలై 28వ తేదీన ముగిసినది. తుదిపోరున నిలిచిన యిరువురును భారతీయులే. ఒకరు మన గుడివాడలో జన్మించిన కోనేరు హంపి. రెండవవారు నాగపూరునకు చెందిన దివ్య దేశ్‌ముఖ్. హంపికి 38 ఏండ్లు, దివ్యకు 19 ఏండ్లు. 2002లో హంపి గ్రాండుమాస్టరు బిరుదు పొందునాటికి దివ్య యింకను పుట్టలేదు. దీర్ఘసమయపు ఆటలు రెండును సమముగా ముగియగా, త్వరితపు ఆటలలో దివ్య గెలిచెను. మాలో నొకరు "మన హంపి ఓడిపోయెనే" యని చింతించిరి. మఱియొకరు "గెలిచినదియు మన దేశపు పిల్లయే గదా" యని యూరడించిరి.

ఆ వసారాలోనే చాపమీద మా మిత్రుని మనుమరాలును, ఆమె తమ్ముడును చదరంగ మాడుకొనుచుండిరి. మా మాటలు వినుచుండిన యా బాలిక తల యెత్తి, "తాతయ్యా, ఇది బరువులెత్తే పోటీ కాదు గదా, పరుగు పందెమూ కాదు. మరి ఆడవాళ్లకు వేరేగా ఎందుకు పెట్టారు?" అని యడిగెను. తాతగారు మావైపు చూచిరి. మేము "ఆడపిల్లలను ప్రోత్సహించడానికమ్మా" యంటిమి. "అయితే మాకు తెలివి తక్కువనా?" యని యామె మఱల నడిగెను. "కాదు, కాదు" యని నలుగురమును ఒక్కమాటుగా పలికితిమి గాని, ఏల కాదో ఒక్కరమును చెప్పలేకపోతిమి. ఇంతలో లోపలినుండి పిలుపు రాగా నామె లేచి వెళ్లెను. మాకు సంకటము తప్పినదని లోలోపల సంతసించితిమి.

ఆ బాలిక ప్రశ్నలో నిజముగా రెండు ప్రశ్నలు కలవు. స్త్రీలకు వేఱు పోటీ యుండుట న్యాయమా యనునది మొదటిది. న్యాయమే యైనచో, అది వారి బుద్ధిలోని కొఱతను ఒప్పుకొనుట కాదా యనునది రెండవది. బలమును గూర్చిన క్రీడలలో నీ చిక్కు లేదు. దేహములు వేఱగుటచేత పందెములును వేఱు. చదరంగమున రాజు బరువు పురుషుని చేతికిని, స్త్రీ చేతికిని ఒక్కటియే. కావున వేఱు పీఠము వేసినప్పుడు దానికి కారణము చెప్పవలసిన భారము పీఠము వేసినవారిదే.

బుద్ధి తక్కువయే కారణమని చెప్పువారు నేటికిని లేకపోలేదు. వారు మొదట చూడవలసినది వెరా మెంచిక్ చరిత్రము. స్త్రీల ప్రపంచ కిరీటము 1927లో లండనునగరమున నేర్పడెను. దానిని మొట్టమొదట గెలిచిన యామె 1944లో యుద్ధకాలమున లండనుమీద పడిన యెగిరెడు బాంబుచే మరణించువఱకును దానిని మఱియొకరికి పోనీయలేదు. 1929లో కార్ల్స్‌బాదు పోటీకి ఆమెను పిలిచినప్పుడు ఆల్బర్టు బెకరు అను ఆటగాడు, ఈమె చేతిలో నోడినవారందఱిని కలిపి యొక సంఘము పెట్టవచ్చునని పరిహసించెను. ఆ సంఘమున మొదటి సభ్యుడు తానే కావలసివచ్చెను. 1935లో జగజ్జేతయైన మాక్స్ యూవే సయితము అంతకుముందే ఆమెచేత రెండుమాఱు లోడిపోయియుండెను.

ఈ యూవే పేరు మన దేశపు కథలోను వచ్చుచున్నది. 1976లో బొంబాయికి చెందిన రోహిణీ ఖాడిల్కరు పురుషుల జాతీయ పోటీలో ఆడబూనగా గొప్ప కలకలము పుట్టెను. వ్యవహారము న్యాయస్థానమువఱకు పోయెను. అప్పుడు అంతర్జాతీయ చదరంగ సమాఖ్యకు అధ్యక్షుడుగా నున్నవాడు యూవేయే. జాతీయ, అంతర్జాతీయ పోటీలనుండి స్త్రీలను త్రోసివేయరాదని ఆయన తీర్పు చెప్పెను. ఒకనాడు స్త్రీచేతిలో నోడిన యనుభవము ఆ తీర్పు వ్రాయునపుడు ఆయన మనస్సున మెదలెనో లేదో మేము చెప్పజాలము. కాని ఓటమిని అవమానముగా గాక పాఠముగా తీసికొన్న పురుషుడు న్యాయమునకు దగ్గఱగా నుండునని మాత్రము చెప్పవచ్చును.

ఇక మన హంపి. 1999లో అహమ్మదాబాదున జరిగిన ఆసియా పోటీలో పండ్రెండేండ్లలోపు బాలురతో ఆడి ప్రథమస్థానము గైకొనెను. 15 సంవత్సరముల 1 నెల 27 దినముల వయస్సున గ్రాండుమాస్టరై, అంతవఱకు హంగరీ దేశపు జూడిత్ పోల్గారు పేర నున్న స్త్రీల రికార్డును దాటెను. ఆ జూడిత్ పోల్గారు స్త్రీల కిరీటముకొఱకు పోటీ చేయనే లేదు. అందఱితోను కలిసియే ఆడి 2005లో ప్రపంచమున ఎనిమిదవ స్థానమున కెక్కెను. అంతకు మూడేండ్లముందు త్వరితపు ఆటలో కాస్పరోవును ఓడించెను. ఇన్ని చూచిన పిమ్మటను "స్త్రీబుద్ధికి చదరంగము అందదు" అనువాడు, చదరంగమును గాని స్త్రీని గాని ఎఱుగనివాడు.

అయినను న్యాయముగా వాదింపదలచినవారు ఎదుటిపక్షపు లెక్కలను దాచరాదు. కార్ల్స్‌బాదులో బెకరును ఓడించిన మెంచిక్‌యే ఆ పోటీలో 22 మందిలో కడపటి స్థానమున నిలిచెను. అందఱును కలిసి యాడు ప్రపంచ కిరీటమును ఇంతవఱకు స్త్రీ యెవ్వరును గెలువలేదు. 2025 జూలైలో దివ్యకు బిరుదు వచ్చునప్పటికి మన దేశమున గ్రాండుమాస్టరులు 88 మంది. వారిలో స్త్రీలు నలుగురే. ఆ నలుగురిలో మొదటి యిరువురు, హంపియు, గుంటూరున జన్మించిన ద్రోణవల్లి హారికయు మన తెలుగు బిడ్డలగుట మనకు సంతోషమే. కాని 88లో నాలుగను లెక్క సంతోషింపవలసిన లెక్క కాదు. దీనికి కారణ మేమి?

ఒక యుదాహరణము చెప్పెదము. ఒక యూరిలో వేయిమంది బాలురను, నలువదిమంది బాలికలను ఈత నేర్పుటకు చెఱువునకు పంపితి మనుకొందము. కొన్నియేండ్లకు అందఱికంటె మేటి యీతగాండ్ర నెంచినచో వారిలో హెచ్చుమంది బాలురే యగుదురు. దానినిబట్టి బాలికలకు ఈత రాదని తేల్చుట యుక్తమా? మొదట అడుగవలసిన ప్రశ్న, తక్కిన బాలిక లేరీ యనునది. రెండవ ప్రశ్న, ఆ నలువదిమందిలో సాయంకాలమువఱకు చెఱువులో నుండనిచ్చినది ఎందఱిని, దీపాలవేళకు ముందే ఇంటికి రమ్మని పిలిచినది ఎందఱిని యనునది. ఈ రెండు ప్రశ్నలు అడిగిన తరువాత మిగిలిన భేదమును గూర్చి మాత్రమే ప్రకృతిని నిందింపవలయును. మనము తఱచుగా ప్రకృతితో మొదలుపెట్టి ఇంటివఱకు రాకయే యాగిపోవుదుము.

"స్త్రీలకు బుద్ధి సమానమే యైనచో వేఱు కిరీటమును నేడే తీసివేయుడు" అని కొందఱు సంస్కారప్రియులే యందురు. మాటలో తర్కము కలదు, దానిలో స్త్రీలయెడ గౌరవమును కలదు. కాని ఫలమును చూడవలయును. జార్జియా చిన్న దేశము. నోనా గప్రిందష్విలి 1962లో స్త్రీల కిరీటము గెలిచి 1978వఱకు నిలుపుకొనెను. పురుషులతో సమానమైన గ్రాండుమాస్టరు బిరుదును పొందిన మొట్టమొదటి స్త్రీయు నామెయే. ఆమెనుండి కిరీటము గైకొన్న మాయా చిబుర్దానిద్జెయు జార్జియా బాలికయే. అప్పుడామెకు 17 ఏండ్లు. ఆ కిరీటమే లేకున్నచో నోనా పేరు ఆ దేశపు పిల్లలకు దీపమై యుండునా? హంపి, హారికల పేర్లు మన పత్రికల మొదటి పుటల కెక్కినదియు నీ పోటీలవలననే. మొక్క చుట్టును కంచె వేయుట మొక్క నీచమైనదని కాదు. ఆ దారిని మేకలు తిరుగుచున్నవని.

కాని కంచెకును దోషము కలదు. మొక్క పెరిగిన పిమ్మట కంచెయే దానిని ఒరయును. స్త్రీలకు వేఱుగా పెట్టిన గ్రాండుమాస్టరు బిరుదునకు 2300 పాయింట్లు చాలును. అందఱికిని సామాన్యమైన బిరుదునకు 2500 కావలయును. ఆ తక్కువ మెట్టుమీద కూర్చుండి "ఇంతే చాలును" అనుకొనిన బాలికలును, "నీ కింతే చాలును" అనిన పెద్దలును ఉండియే యుందురు. 2024లో టొరంటో నగరమున ప్రపంచ కిరీటపు అభ్యర్థుల పోటీలు రెండును ఒక్కచోట, ఒక్కకాలమున జరిగినవి. అందఱి పోటీలో మన గుకేశు 14 ఆటలకు 9 పాయింట్లతో గెలిచెను. స్త్రీల పోటీలో చైనాదేశపు తాన్ జోంగ్‌యీ అదే 14 ఆటలకు అదే 9 పాయింట్లతో గెలిచెను. మొదటి పోటీకి బహుమానముల మొత్తము 5,00,000 యూరోలు, రెండవదానికి 2,50,000. సంపాదించిన పాయింట్లు సమానము, బహుమానపు మొత్తము సగము. కంచె యెప్పుడు రక్షణమో, ఎప్పుడు హద్దో చెప్పుట ఇట్లు కష్టమగుచున్నది.

ఈ చిక్కును ఆలోచించుచు నాటి రాత్రి బోయిగూడనుండి తిరిగి వచ్చుచుండగా ఆ పేటపేరే మా మనస్సును పట్టుకొనెను. బోయీ యనగా పల్లకి మోయువాడు. మన పూర్వపు సంపన్న గృహములలో స్త్రీకి పల్లకి గొప్ప మర్యాద. తెఱలు దించిన పల్లకిలో నామె నేల త్రొక్కకుండ పోవుచుండెను. అది మర్యాదయు నగును, బంధమును నగును. కూర్చున్న స్త్రీ దారిని చూడదు. మోయు బోయీని ఎవ్వరును చూడరు. వేఱు కిరీటము పల్లకివంటిదా, నడక నేర్చుకొనుటకు పట్టుకొనిన చేయివంటిదా యనునది మా ప్రశ్న. నడక వచ్చిన తరువాతను వదలనిచో చేయియు పల్లకియే యగును. నడక రాకముందే వదలినచో బిడ్డ పడును. కావున "ఉండవలయునా, పోవలయునా" యని కిరీటమునుగూర్చి వాదించుటకంటె, బిడ్డకు నడక ఏల ఆలస్యమగుచున్నదో కనుగొనుట మేలు.

ప్రపంచ కిరీటమునకు పోవు దారి యెట్టిదో పాఠకురాండ్రు ఎఱిగినచో ఈ సంగతి స్పష్టమగును. 2010, 2012, 2015, 2017 సంవత్సరములలో 64 మంది స్త్రీలు రెండేసిగా తలపడి, ఓడినవారు ఇంటికి పోవు పద్ధతి నడచెను. ఆఱు మెట్లు వరుసగా గెలిచినవారికి కిరీటము. ఒక్క మధ్యాహ్నపు పొరపాటు రెండేండ్ల శ్రమను తుడిచివేయును. హంపి 2004, 2008, 2010 సంవత్సరములలో ఇట్టి పోటీలందు నాలుగవ మెట్టు దాటి సెమీ ఫైనలున ఆగెను. హారిక 2012, 2015, 2017 సంవత్సరములలో మూడుమాఱులు సెమీ ఫైనలువఱకు పోయి కాంస్యము గైకొనెను. హంపి గ్రాండ్ ప్రీ పోటీల వరుసలో రెండవస్థానము పొంది, 2011 నవంబరులో తిరానా నగరమున జగజ్జేత్రి హౌ యీఫాన్‌తో నేరుగా తలపడెను. మూడాటలలో నోడి, అయిదు సమము చేసికొని, 2½–5½ తేడాతో కిరీటమును పోగొట్టుకొనెను. 2024 టొరంటో పోటీవంటి దానిలో ఎనిమిదిమంది ఒక్కొక్కరితో రెండేసి యాటలు, మొత్తము 14 ఆడుదురు. దాదాపు మూడు వారములు పరదేశవాసము. దానికి ముందు కొన్నినెలల సాధన. ఆ సాధన దినమునకు కొన్ని గంటలు, ఎడతెగని గంటలు.

ఎడతెగని గంట! మా వాదమంతయు ఈ రెండు మాటలలో నున్నది. చదరంగమున ఆలోచన దారము వంటిది. తెగిన చోట ముడి వేయవచ్చును గాని ముడి ముడియే. పదియెత్తులు ముందునకు చూచుచున్న మనస్సును "కాస్త యిటు రా" యని పిలిచినచో, తిరిగి వచ్చునప్పటికి ఆ పది యెత్తులును చెదరిపోవును. పురుషుని గంటను ఇల్లు కాపాడును. "నాన్నగారు పనిలో నున్నారు, అల్లరి చేయకుడు" అని తల్లి పిల్లలను హెచ్చరించును. స్త్రీ గంటను ఎవ్వరు కాపాడుదురు? ఆమె చదువుచున్నను, వ్రాయుచున్నను, ఆలోచించుచున్నను ఆమెకు పని లేనట్లే యింటివారి లెక్క. బుద్ధి దేవుడిచ్చినది కావచ్చును. తీఱిక ఇంటివా రిచ్చునది.

కోనేరు హంపి జీవితమే దీనికి సాక్ష్యము. రసాయనశాస్త్రము బోధించుచుండిన తండ్రి అశోక్‌గారు ఉద్యోగమును వదలి కూతునకు గురువైరి. ఆమె గంటలను కాపాడుటకు ఒక గృహస్థు తన జీతమునే యొడ్డెను. 2014లో ఆమెకు వివాహమయ్యెను; 2017లో కూతురు పుట్టెను. కొంతకాలము పోటీలకు దూరమై, 2018లో బతూమిలోనే జరిగిన ఒలింపియాడుతో తిరిగి వచ్చెను. 2019 డిసెంబరులో మాస్కో నగరమున త్వరితపు ఆటలలో జగజ్జేత్రి యయ్యెను. 2024 డిసెంబరులో న్యూయార్కున రెండవమాఱు ఆ కిరీటమునే గెలిచెను. బిడ్డ పుట్టిన స్త్రీకి బుద్ధి మందగించునను వారికి ఈ రెండు తేదీలే సమాధానము. న్యూయార్కు గెలుపు తరువాత ఆమె తన భర్తకును, తాను ప్రయాణములలో నున్నప్పుడు కూతును చూచుకొనుచున్న తల్లిదండ్రులకును కృతజ్ఞత చెప్పెను. ఆ కృతజ్ఞత న్యాయమే. కాని పాఠకులారా, గెలిచిన పురుషుని "మీ బిడ్డ నెవ్వరు చూచుకొనుచున్నారు?" అని అడిగిన వారిని మీ రెందఱిని ఎఱుగుదురు? పురుషునకు అడుగకయే దొరకునది స్త్రీకి దొరకినచో భాగ్యమనుచున్నాము. ఆ భాగ్యము లేని హంపులు ఎందఱు వంటయిండ్లలో ముసలివారైరో లెక్క వ్రాసినవారు లేరు.

హారిక సంగతియు స్మరింపదగినది. 2022లో చెన్నపట్టణము చేరువనున్న మహాబలిపురమున ఒలింపియాడు జరిగినప్పుడు ఆమె నిండుచూలాలు, తొమ్మిదవ నెల. అట్లుండియు జట్టుతో కూర్చుండి యాడెను. ఆ యేట మన స్త్రీల జట్టునకు కాంస్యపతకము వచ్చెను. ఆ నెలలోనే ఆమెకు కూతురు పుట్టెను. రెండేండ్లకు బుడాపెస్టు నగరమున అదే పోటీలో మన స్త్రీలు స్వర్ణము గెలిచిరి. ఆ జట్టులోను హారిక యుండెను. దీనిని మేము వీరకథగా చెప్పుటలేదు. ప్రతి స్త్రీయు నట్లు చేయవలయునని చెప్పినచో అది మఱియొక క్రౌర్యమగును. తల్లి కాబోవు స్త్రీకి చోటు చూపి, వైద్యసహాయ మేర్పఱచి, జట్టు ఆమెకొఱకు వేచియున్నచో ఆమె యాడగలదని మాత్రమే చెప్పుచున్నాము. ఆడుటయా మానుటయా యను నిర్ణయము ఆమెదే కావలయును, అదియే సంస్కారము.

ఇచ్చట మా మిత్రులొకరు చెప్పిన ఆక్షేపణ యొకటి కలదు. "మీరు చెప్పినట్లు తండ్రులందఱును ఉద్యోగములు మాని కూతుండ్రను జగజ్జేత్రులను చేయబూనినచో, ఆ పిల్లల బాల్య మేమగును? వంటయింటి చాకిరి తప్పించి చదరంగపు చాకిరి తగిలించుట సంస్కారమా?" అని వారనిరి. ఈ ఆక్షేపణ తేలికయైనది కాదు. హంపి యను పేరే మొదట చాంపియను అను మాటనుండి పుట్టినదని చెప్పుదురు. ఊయలలోని బిడ్డకు తండ్రి తన కోరికను పేరుగా పెట్టినాడు. ఆ బిడ్డకు ఆ యాటయే ప్రాణమగుట అందఱి అదృష్టము. అట్లు కాని బిడ్డలు తండ్రుల కోరికల క్రింద నలిగినవారు ఎందఱో యుందురు. కూతును మూలగదిలో దాచిన తండ్రియు, గెలుపుకప్పుగా వీథికెత్తి చూపు తండ్రియు నొక్క పొరపాటే చేయుచున్నారు: ఇరువురును ఆమెను తమ సొత్తనుకొనుచున్నారు.

కావున మేము ఇండ్లను కిరీటములు అడుగుట లేదు. లక్షమంది బాలికలలో ఒక్కతె మాత్రమే హంపి కాగలదు. తక్కినవారికి కావలసినది కిరీటము కాదు. ఆడుకొనుటకు కూర్చున్న బాలికను ఆట ముగియువఱకు కూర్చుండనిచ్చుట, ఆమె యిష్టమైనచో ఆడుటకును, ఇష్టము లేకున్న మానుటకును స్వేచ్ఛ నిచ్చుట, ఇంతమాత్రమే మేము కోరునది. ఇది యొక్క చదరంగమునకు మాత్రమే కాదు. వీణకును, గణితమునకును, ఊరకే కిటికీవద్ద కూర్చుండి ఆలోచించుటకును వర్తించును. ఎడతెగని గంటనుండి జగజ్జేత్రి పుట్టవచ్చును, పుట్టకపోవచ్చును. తన మనస్సు తనదే యని ఎఱిగిన మనుష్యురాలు మాత్రము తప్పక పుట్టును.

ఇంతవఱకు వ్రాసిన పిమ్మట మేము ఒప్పుకొనవలసిన సంగతి యొకటి మిగిలినది. బోయిగూడలో నాటి సాయంకాలమును మఱల మనస్సునకు తెచ్చుకొనగా, మే మప్పుడు గమనింపని దొకటి కనబడెను. ఆ బాలిక ఆటమధ్యమున మూడుమాఱులు లేచి వెళ్లెను. మొదటిసారి మంచినీళ్లు తెచ్చుటకు. రెండవసారి మా ప్రశ్నోత్తరములు తెగిపోయినప్పుడు చాయ గ్లాసులు తెచ్చుటకు. మూడవసారి ఖాళీ గ్లాసులు తీసికొనిపోవుటకు. తమ్ముడు ఒక్కసారియు లేవలేదు. వానిని లేవుమని ఎవ్వరును అనలేదు. అక్క లోపలికి పోయినప్పుడెల్ల వాడు బల్లను చూచుచు తన తరువాతి యెత్తు నాలోచించుకొనుచుండెను. ఆమె మూడవసారి తిరిగి వచ్చి, ఎవరి వంతో తమ్ముని అడిగి, మంత్రిని పోగొట్టుకొనెను. తాతగారు నవ్వి "వీడు గట్టివాడు" అనిరి. మేమును నవ్వితిమి.

స్త్రీలకు వేఱు కిరీట మేల యని యామె అడిగినప్పుడు ఆమె చేతిలోనుండి చాయగ్లాసు అందుకొనినవారిలో మేమును ఒకరము. సమాధానము కొఱకు మేము లండనును, కార్ల్స్‌బాదును, బతూమిని వెదకితిమి. అది మా చేతిలోనే వెచ్చగా నుండెను. వేఱు కిరీటము స్త్రీల బుద్ధికొఱతకు గుర్తు కాదు. అది మనము తీర్పవలసిన ఋణమునకు వ్రాసియిచ్చిన పత్రము. ఋణము తీఱనిదే పత్రమును చింపుట మోసము. ఋణము తీర్చు యత్నమే చేయక పత్రమును పటము కట్టించి గోడకు వ్రేలాడదీయుట మఱింత మోసము. ఆ ఋణమును తీర్చవలసినది అంతర్జాతీయ సమాఖ్య మాత్రమే కాదు. నీళ్లు, చాయ, గ్లాసుల లెక్కలో ప్రతియింటివారును దినదినము తీర్పవలయును. అట్లు తీఱిననాడు వేఱు కిరీటమును ఎవ్వరును తీసివేయనక్కఱలేదు. బాలికలే దానిని దాటి పోవుదురు.

ఈ మాటలను మేము మఱుసటివారము బోయిగూడ కేగి మా మిత్రునితో చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిల్ల లిరువురును చాపమీద ఆటలోనే యుండిరి. కొంతసేపటికి లోపలినుండి అలవాటుచొప్పున బాలిక పేరుతో పిలుపు వచ్చెను. ఆమె చేతిలోని బంటును బల్లమీద పెట్టి లేవబోయెను. ఆయన "నువ్వు కూర్చో తల్లీ, ఆట కానీ" యని, మోకాళ్లమీద చేతులానించి తానే లేచి లోపలికి పోయి, గ్లాసులు తెచ్చి మా ముందుంచిరి. చాయలో పంచదార కొంచెము హెచ్చయ్యెను. మే మెవ్వరమును ఆ సంగతి ఎత్తలేదు.

ఆ యాటలోను బాలికయే ఓడిపోయెను. తమ్ముడు నిజముగానే గట్టివాడు. కాని ఆమె ఈసారి ఎక్కడ పొరపడినదో తనకే తెలిసినది. బలగమును మఱల పేర్చి, "ఆ గుర్రాన్ని కదపకుండా ఉండాల్సింది. మళ్లీ ఆడదాం" అనెను.